సుగ్గికి ముందే చెప్పాల్సిన పాఠం

మా ఆదోని వైపు హైస్కూళ్లలో పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం దాకా వచ్చేసరికి, ఆ పాఠం ఎవరికి బాగా అవసరమో ఆ పిల్లలే తరగతిలో ఉండరు. దీపావళి దాటితే కోసిగి, పెద్దకడబూరు, హొళగుంద, కౌతాళం మండలాల నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలం కూలి పనులకి, బయల్దేరతాయి. కొందరు పత్తి తీయడానికి, కొందరు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. ఎనిమిదో తొమ్మిదో చదివే ఆడపిల్ల చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికో, తనూ ఒక కూలీగానో వెంట పోతుంది. ఉగాదికి తిరిగొచ్చినవాళ్లలో కొందరు మళ్లీ బడికి రారు. కొందరికి ఎండాకాలంలోనే పెళ్లి పెట్టేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు.

అందుకని ఎదిగే శరీరం, లైంగిక ఆరోగ్యం, భద్రత గురించిన ఈ చదువు పుస్తకం వరసలో కాదు, మన ఊళ్ల పనుల వరసలో నడవాలి. జూన్‌లో మొదలుపెట్టి దసరా సెలవుల లోపల ముగించాలి. పదో తరగతి దాకా ఆగకుండా ఆరో తరగతి నుంచే చెప్పాలి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఇది నాలాంటి టీచర్ల కోసం, ముఖ్యంగా ఈ ఏడాదే మొదటిసారి ఈ పని నెత్తికెత్తుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు హెడ్‌మాస్టరు గదిలో

ఈ పని సొంతంగా, చాటుగా చేయకండి. ఎవరో ఒకరు ఫిర్యాదు చేసినప్పుడు చేతిలో కాగితం ఉండాలి. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసమే పెట్టింది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడుల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మగ టీచరు, ఒక ఆడ టీచరు, ఆరోగ్య రాయబారులుగా ఉండాలని అందులోనే ఉంది. అది బోధించమన్న పదకొండు అంశాల్లో ఎదుగుదల, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హెచ్ఐవీ నివారణ, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ వాడకంలో జాగ్రత్త అన్నీ ఉన్నాయి. ఎనిమిదో తరగతి కౌమార దశ పాఠం, పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం ఎలాగూ సిలబస్‌లోవే. వీటిని చూపించి, వారానికి ఒక పీరియడ్ టైంటేబుల్లో రాయించుకోండి. బడి వదిలాక పెడితే ఆటోల పిల్లలు ఉండరు. తలుపులు మూసి పెడితే అదేదో దొంగతనం అనిపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటి పీరియడ్‌లో, కిటికీలు తెరిచి, బోర్డు మీద పాఠం పేరు రాసి చెప్పాలి.

రెండో టీచరు ఎవరన్నది బాగా ఆలోచించండి. మగపిల్లలకి దగ్గరగా ఉండే ఆటల టీచరు, పీఈటీ సారు, చాలా బళ్లలో సరిగ్గా సరిపోతారు. నవ్వకుండా మాట్లాడగలగాలి, విన్నది స్టాఫ్ రూములో చెప్పకూడదు. ఈ రెండూ ఉంటే సబ్జెక్టు ఏదైనా ఫర్వాలేదు.

తల్లిదండ్రులతో జూన్‌లోనే

పొద్దున మీటింగ్ పెడితే ఎవరూ రారు, విత్తనం పనులుంటాయి. పొలం నుంచి వచ్చి స్నానాలు చేసే వేళ దాటాక పెట్టండి. వీలైతే బళ్లో కాకుండా ఊళ్లో రచ్చకట్ట దగ్గర. ఊరి నర్సు ఏఎన్ఎంను, ఆశా వర్కరును పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ల మాట ఊళ్లో నడుస్తుంది.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఏదో ఒక అవ్వ నుంచే వస్తుంది: "ఏం మేడం, ఇట్లాంటియి బడిలో చెప్పే మాటలా? మా కాలంలో యాడుండె ఇయ్యన్నీ?" అవ్వకి సర్వే లెక్కలు చెప్పకండి. "అవ్వా, నువ్వు పెద్దమనిషి అయిన దినం నీకు ఏమైందో ముందే ఎవురన్నా చెప్పినారా?" అని అడగండి. దాదాపు ప్రతి అవ్వా భయపడిన సంగతే చెప్తుంది. దెబ్బ తగిలిందనుకున్నామనీ, జబ్బనుకున్నామనీ, రెండు దినాలు ఎవరికీ చెప్పలేదనీ అక్కడున్న ఆడవాళ్లే ఒకరి తర్వాత ఒకరు చెప్పుకొస్తారు. మీరు చెప్పాల్సింది సగం వాళ్లే చెప్పేస్తారు. ఆ తర్వాత పుస్తకం తెరిచి బొమ్మలు చూపించండి. దాచేదేమీ లేదని కళ్లారా చూడాలి వాళ్లు.

తండ్రులు అడగకపోయినా వాళ్ల మనసులో ఉండే భయం ఒకటుంది: ఇవన్నీ చెప్తే పిల్లలు చెడిపోతారేమోనని. నేరుగా జవాబివ్వండి. మనం చెప్పకపోయినా ఫోను చెప్తోంది, అదీ తప్పుగా చెప్తోంది. యునెస్కో ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలను పరిశీలించి తేల్చింది కూడా ఇదే, ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడటం పెరగదు.

ఏ తరగతికి ఎంత

ఆరు, ఏడు తరగతులకి: శరీరం ఎందుకు మారుతుంది, నెలసరి అంటే ఏమిటి, ఎవరు ఎక్కడ తాకితే వద్దనాలి, ఎవరికి చెప్పాలి. నెలసరి 9 నుంచి 15 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలవుతుంది కాబట్టి ఎనిమిదో తరగతి దాకా ఆగితే సగం మందికి ఆలస్యమైపోతుంది. ఈ పాఠం మగపిల్లలూ వినాలి. అక్క మూడు దినాలు ఎందుకు బయట కూర్చుంటోందో తెలియని తమ్ముడే బళ్లో పాప గౌను మీద మరక చూసి నవ్వేది.

ఎనిమిదికి హార్మోన్లు, మొటిమలు, గొంతు మారడం, మనసు అటూ ఇటూ కావడం. తొమ్మిదికి స్నేహం, ఇష్టం, బలవంతం, ఫోను, పెళ్లి వయసు. పదికి గర్భం ఎలా వస్తుంది, గర్భనిరోధక పద్ధతులు, సుఖవ్యాధులు, హెచ్ఐవీ. సుగ్గికి పోయే పిల్లలు ఎక్కువగా ఉన్న బడి అయితే పదో తరగతి విషయాల్లో ముఖ్యమైనవి తొమ్మిదిలోనే చెప్పేయండి. నేను అదే చేస్తాను.

శరీర భాగాలకి పుస్తకంలో ఉన్న పేరే వాడండి. మొదటి పీరియడ్‌లో పిల్లలు నవ్వుతారు. తిట్టకండి, ఒక నిమిషం నవ్వనివ్వండి. మీ ముఖం మారకపోతే వాళ్లే సర్దుకుంటారు. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టండి: ఎవరి పేరూ ఎత్తకూడదు, ఎవరి సొంత సంగతీ తరగతిలో అడగకూడదు. టీచరు సొంత సంగతి కూడా.

ప్రశ్నల పెట్టె

ఈ పని మొత్తానికి ప్రాణం ఇది. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

తాళం పడే చిన్న పెట్టె ఒకటి చాలు. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. పెట్టెను వరండాలో వేలాడదీసి వదిలేస్తే ఎవరూ వేయరు, వేసేవాణ్ణి పదిమందీ చూస్తారు కాబట్టి. అలా కాకుండా పీరియడ్ చివర్లో అందరికీ ఒకే సైజు కాగితం ముక్క ఇవ్వండి. ప్రశ్న ఉన్నవాళ్లు ప్రశ్న రాయాలి, లేనివాళ్లు ఆ రోజు తిన్న కూర పేరు రాయాలి. అందరి పెన్నూ కదులుతుంది కాబట్టి అడిగిందెవరో ఎవరికీ తెలియదు. కన్నడ మాట్లాడే ఇళ్ల పిల్లలు కొందరు కన్నడంలో రాస్తారు, ఉర్దూ ఇళ్ల పిల్లలు తెలుగు అక్షరాల్లో ఉర్దూ రాస్తారు. ఏ భాషైనా సరేనని ముందే చెప్పండి.

కాగితాలు ఇంటికి తీసుకెళ్లి ఒంటరిగా చదవండి. తరగతిలో అప్పటికప్పుడు విప్పి చదవకూడదు. తరగతి అంతటికీ జవాబు చెప్పాల్సినవి ఒక పక్క పెట్టండి. ఒక పిల్లకో పిల్లాడికో ఏదో కష్టం ఉన్నట్టు తోచేవి విడిగా తీయండి, వాటి సంగతి తర్వాత చెప్తాను. బూతు రాసినవి కూడా పారేయకండి. చాలాసార్లు బూతు మాట కింద నిజమైన ప్రశ్నే ఉంటుంది. దాన్ని మర్యాద మాటల్లోకి మార్చి జవాబు చెప్తే ఆ రాసినవాడు తర్వాతి వారం మామూలుగా రాస్తాడు.

ఆడపిల్లల కాగితాల్లో ఏటా వచ్చేవి కొన్ని ఉన్నాయి. నెలసరిలో తలస్నానం చేయొచ్చా? చేయొచ్చు, చేయాలి కూడా. పెరుగు తినొచ్చా? తినొచ్చు. ఒక నెల వచ్చి రెండు నెలలు రాలేదు, జబ్బా? మొదటి ఒకటి రెండేళ్లు లెక్క తప్పడం మామూలే. కడుపునొప్పికి మాత్ర వేసుకుంటే గర్భసంచి పాడవుతుందా? పాడవదు. ఏఎన్ఎం గానీ డాక్టరు గానీ చెప్పిన మోతాదులో, అన్నం తిన్నాక వేసుకోవచ్చు. వేడినీళ్ల కాపడం కూడా పనిచేస్తుంది. అయితే ఏది మామూలు కాదో కూడా చెప్పండి: గంట రెండు గంటలకే ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, బడికి రాలేనంత నొప్పి, పదిహేనేళ్లు నిండినా మొదలవకపోవడం. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకి చూపించాలి.

మగపిల్లల కాగితాలు చదివితే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. ఆడపిల్లకి కనీసం అమ్మో అక్కో ఉంటుంది, మగపిల్లాడికి ఎవరూ చెప్పరు. బస్టాండు గోడల మీద అంటించిన దొంగ డాక్టర్ల కాగితాలే వాడికి పాఠ్యపుస్తకం. నిద్రలో వీర్యం పోతే బలం పోతుందని, రక్తం తగ్గిపోతుందని, పెళ్లికి పనికిరాడని వాడు నిజంగా నమ్మి కుమిలిపోతుంటాడు. చదువు మీద మనసు పెట్టలేడు. ఎవరికీ తెలియకుండా డబ్బు పోగేసి ఆ మందులు కొంటాడు. ఈ మాట పీఈటీ సారుతో తరగతిలో స్పష్టంగా చెప్పించండి: ఆ వయసులో శరీరం వీర్యాన్ని తయారుచేయడం మొదలుపెడుతుంది, అప్పుడప్పుడు నిద్రలో బయటికి వస్తుంది, అది జబ్బు కాదు, దాంతో ఏ బలమూ తగ్గదు, దానికి ఏ మందూ అక్కర్లేదు. పొద్దున్నే కడుక్కుని బట్టలు మార్చుకుంటే చాలు. కొందరు మగపిల్లలకి ఛాతీ కొంచెం ఉబ్బి నొప్పిగా ఉంటుంది. అది కూడా హార్మోన్ల వల్లే, చాలామందికి ఒకటి రెండేళ్లలో తగ్గిపోతుంది. తోటివాడికి మీసం వచ్చి తనకి రాలేదని ఏడ్చేవాడికి, ఒక్కో శరీరానికి ఒక్కో వేళ ఉంటుందని చెప్పండి.

హెచ్ఐవీ గురించి వచ్చే ప్రశ్నలన్నీ భయంతో నిండి ఉంటాయి. కలిసి తింటే రాదు, ఒకే బెంచీలో కూర్చుంటే రాదు, దోమ కుట్టినా రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం, పరీక్ష చేయని రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకి, ఈ దారుల్లో వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సలహా, పరీక్ష రెండూ చేసే ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, సంగతి బయటికి పోదు. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు కూడా ఉచితమే. సందేహాలకి 1097 నంబరు ఉంది. మీ తరగతిలోనే ఆ మందులు వేసుకునే బిడ్డ ఉండొచ్చు, తల్లో తండ్రో వేసుకుంటూ ఉండొచ్చు. ఆ బిడ్డ వింటోందనే ఎరుకతో ప్రతి మాటా మాట్లాడండి. ఆ కారణంతో బడిలో వివక్ష చూపడాన్ని 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది కూడా.

నీళ్లు, తలుపు, డబ్బా

మరుగుదొడ్డికి గడియ లేకపోతే మీరెంత చెప్పినా ఆడపిల్ల నెలకి మూడు దినాలు ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి పాఠానికి ముందు గడియ, బకెట్టు, మగ్గు, మూత ఉన్న డబ్బా చూసుకోండి. ప్యాడ్లు హెడ్‌మాస్టరు బీరువాలో ఉంటే ఏ పిల్లా పోయి అడగదు. 2021 అక్టోబరులో మొదలైన స్వేచ్ఛ పథకం 7వ తరగతి నుంచి ఆడపిల్లలకి నెలకి పది న్యాప్కిన్లు ఇవ్వాలని పెట్టింది. సరఫరా ఎప్పుడు వచ్చినా కొన్ని విడిగా దాచి, ఆడ టీచరు టేబుల్ సొరుగులోనో, అడగకుండా తీసుకోగల చోటో ఉంచండి. నాలుగైదు గంటలకి ఒకసారి మార్చుకోవాలి. ఇంట్లో బట్ట వాడేవాళ్లని తక్కువ చేసి మాట్లాడకండి. శుభ్రమైన నూలు బట్ట, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే ఏ తప్పూ లేదు. ఎవరూ చూడకూడదని మంచం కిందో, చీర చాటునో తడిగా ఆరేయడం వల్లే దురదలు, పుండ్లు వస్తాయి.

నీలం రంగు ఐరన్ మాత్ర వారానికి ఒకటి. మధ్యాహ్న భోజనం తిన్నాక, మీ కళ్ల ముందే వేయించండి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వచ్చి మళ్లీ ముట్టరు. మలం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పాలి. వేసుకున్న వెంటనే టీ తాగకూడదు.

సుగ్గికి పోయే పిల్లకి

సెప్టెంబరులోనే పేర్లు అడగండి. మొదటి ప్రయత్నం ఆ పిల్లను ఇక్కడే ఆపడం: సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టలు మీ మండలంలో ఉంటే అందులో, ఆడపిల్లకైతే కస్తూర్బా విద్యాలయంలో సీటు ఉంటే అందులో. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. తల్లితో మాట్లాడేటప్పుడు చదువు కంటే ముందు భద్రత గురించి మాట్లాడండి. పరాయి ఊళ్లో, పట్టాలు కప్పిన గుడారంలో, తలుపు లేనిచోట ఎదిగిన పిల్ల ఎలా పడుకుంటుందో ఆ తల్లికి మనకంటే బాగా తెలుసు.

ఆపలేకపోతే ఉత్తచేతుల్తో పంపకండి. మిగిలిన ప్యాడ్లు, ఏఎన్ఎంని అడిగి ఐరన్ మాత్రలు, నోటుబుక్కు అట్ట లోపల మీరే రాసిచ్చిన నంబర్లు. 1098 పిల్లలది, 181 మహిళలది, 112 పోలీసులది, 104 ఆరోగ్యానిది. మిరప చేలలో నీళ్లు దూరంగా ఉంటాయి కాబట్టి వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి గుంట తీసి పూడ్చడం, మిరపకాయ కోసిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ప్యాడ్ మార్చుకోవడం చెప్పండి. ఈ చివరిది ఏ పుస్తకంలోనూ ఉండదు, చేతి మంట పడిన పిల్లలే నాకు చెప్పారు. బహిర్భూమికి ఒంటరిగా వెళ్లొద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. మేస్త్రీ అయినా, చుట్టం అయినా, ఎవరు చేయి వేసినా అరవాలి, అమ్మకి చెప్పాలి, అమ్మ నమ్మకపోతే ఫోను చేయాలి.

పెట్టెలో అలాంటి కాగితం దొరికితే

"మా మామ రాత్రిపూట నా పక్కన వచ్చి పడుకుంటాడు, నాకు భయం." ఇలాంటి వాక్యం ఏదో ఒక ఏడాది మీకూ వస్తుంది. అప్పుడేం చేయాలో ఈ రోజే తెలిసి ఉండాలి.

చేతిరాత పట్టుకుని తరగతిలో వెతకకండి. తర్వాతి పీరియడ్‌లో, అలాంటి కష్టం ఉన్నవాళ్లు ఏ వేళనైనా నా దగ్గరికి రావొచ్చని, తప్పు ఎప్పుడూ పిల్లలది కాదని అందరితో చెప్పండి. పేరు రాయకపోయినా కాగితాన్ని చింపేయకండి, 1098కి ఫోన్ చేసి విషయం చెప్పి ఏం చేయాలో అడగండి. పిల్ల వచ్చి చెప్తే ఒక్కసారి పూర్తిగా వినండి. గుచ్చి గుచ్చి అడగొద్దు, మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, అది మీరు నిలబెట్టుకోలేని మాట. "నీకు సాయం చేయగలవాళ్లకి మాత్రమే చెప్తాను" అనండి. పిల్ల వాడిన మాటలు వాడినట్టే, తేదీతో, కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత ఫిర్యాదు మీ ఇష్టం మీద ఆధారపడిన సంగతి కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచితే ఏడాది దాకా. ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ చేసి సర్దుబాటు చేస్తామంటారు. బడి పేరు పోతుందని స్టాఫ్‌లోనూ అనేవాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. నేరం చేసినవాడు ఇంటి మనిషి అయితే ముందు ఇంటికి కబురు చేయడం మరీ ప్రమాదం. తల్లిదండ్రులు భయపడేది పోలీస్ స్టేషనుకి. వాళ్లకి ఈ సంగతి చెప్పండి: వాంగ్మూలం ఇంట్లోనే, లేదా పిల్ల కోరిన చోట తీసుకోవాలి. వీలైనంత వరకు మహిళా ఎస్ఐ, యూనిఫాం లేకుండా రావాలి. పిల్ల పేరు బయటపెట్టడం నేరం. ఈ చట్టం మగపిల్లలకీ అంతే వర్తిస్తుంది. వాళ్లకీ జరుగుతుంది, వాళ్లు మరీ తక్కువ చెప్తారు.

ఫోన్లో ఫొటో పంపి చిక్కుకున్న పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. డబ్బు కట్టొద్దు, మెసేజీలు చెరపొద్దు, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయించండి. "నువ్వెందుకు పంపావు" అన్న ప్రశ్న ఆ రోజు అడగాల్సింది కాదు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా రాస్తే ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి, మానసిక సాయం ఇచ్చే ప్రభుత్వ నంబరు టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది.

పెళ్లి కబురు తెలిస్తే కూడా 1098. పెళ్లికి ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 నిండాలని 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం. పత్రికలు పంచాక ఆపడం కష్టం, కాబట్టి నిశ్చయం మాట వినిపించిన వారమే కదలాలి. చెప్పిందెవరో బయటికి రాదు. ఆపిన తర్వాత ఆ పిల్లను కోపంగా ఉన్న ఇంట్లో ఒంటరిగా వదిలేయొద్దు. మరుసటి దినం బడికి రాకపోతే ఎవరో ఒకరు పోయి చూడాలి.

ఉగాది తర్వాత

సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లలకి ఒక పీరియడ్ విడిగా పెట్టండి. ముందుగా తిన్నావా, నిద్రపోయావా అని అడగండి, తర్వాతే మళ్లీ కాగితం ముక్కలివ్వండి. నెలసరి ఆగిందన్న కాగితం వచ్చినా, ఒంటిమీద పుండ్లన్న కాగితం వచ్చినా అదే వారం ఏఎన్ఎంకి చూపించాలి. వేసవి సెలవులకి ముందు అందరి నోటుబుక్కు అట్టల్లో నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం, కిందటేడు ఉండి ఈ ఏడు రాని ఆడపిల్లల పేర్లు హాజరు పట్టీలోంచి తీసి రాసుకోండి. ఆశా వర్కరును వెంటబెట్టుకుని, సాయంత్రం పూట, ఒక్కో ఇంటికీ వెళ్లండి.